పుల్లేటిలంకకి మంజూరైన బాంబు

మా పుల్లేటిలంకకి ప్రభుత్వం వారు ఇంతవరకూ మంజూరు చేసినవి రెండే. ఒకటి చేతిపంపు. దాని కోసం ఏళ్ళ తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగాం, తీరా వేశాక నీళ్ళు రాలేదు. రెండోది బాంబు. అది అడక్కుండానే వచ్చింది.

ఎలా వచ్చిందో చెబుతాను. ప్రపంచంలో తూర్పు మహాసంఘమనీ, పడమటి మహాసంఘమనీ రెండు పెద్ద రాజ్యాలున్నాయి. వాటి మధ్య, ఎక్కడో సముద్రంలో, ఒక బండరాయి ఉంది. దాని మీద మనిషి ఉండడు, గడ్డి మొలవదు. పక్షులు వాలి, రెట్ట వేసి పోతుంటాయి. ఆ రాయి మాదంటే మాదని ఈ రెండు రాజ్యాలూ కొట్టుకుంటున్నాయి. ఇద్దరి దగ్గరా భూమిని బూడిద చేసే బాంబులున్నాయి. తగ్గకపోతే వేసేస్తానని ఒకరు, వేసి చూడమని ఇంకొకరు.

చాలాకాలం ఇలా నడిచాక వాళ్ళకో చిక్కొచ్చింది. ఎంతకీ వెయ్యకపోతే ఉత్త బెదిరింపే అనుకుంటారు. వేస్తే అవతలివాడూ వేస్తాడు, ఇద్దరూ పోతారు. అందుకని ఇరుపక్షాల మేధావులూ కూర్చుని ఒక మధ్యేమార్గం కనిపెట్టారు. ముందుగా ఒక హెచ్చరిక బాంబు వెయ్యాలి. అది ఇద్దరిలో ఎవరి మీదా పడకూడదు, మూడోవాడి మీద పడాలి. ఆ మూడోవాడు ఇద్దరికీ సమాన దూరంలో ఉండాలి, లేకపోతే పక్షపాతం చూపించినట్టవుతుంది. గ్లోబు మీద దారం పెట్టి కొలిచారట. దారం సగానికి వచ్చిన చోట మా ఊరుంది.

ఆ ఊరికి సర్పంచిని నేను. పేరు గుత్తుల మంగతాయారు. ఈ మాట ముందే చెప్పడం మంచిది. ఎందుకంటే ప్రత్యేకాధికారి విశ్వపతి గారు పడవ దిగుతూనే నన్ను దాటుకుని వెళ్ళి, మా ఆయనకి శాలువా కప్పారు. మా ఆయన దాన్ని తీసి నా భుజం మీద వేసి, "సర్పంచి ఆవిడండి. నాది కొబ్బరికాయల యాపారమండి, ఆయ్" అన్నారు.

విశ్వపతి గారు ఏమీ తడబడలేదు. పంచాయతీ ఆఫీసు అరుగెక్కి గొంతు సవరించుకున్నారు.

"గ్రామ ప్రజలారా! అంతర్జాతీయ నిశ్చయ ప్రదర్శన పథకం కింద తమ గ్రామం ఎంపికైనదని తెలియజేయుటకు మిక్కిలి సంతోషిస్తున్నాను. ఈ ఎంపికలో ఎటువంటి సిఫార్సులకూ తావివ్వలేదు. కేవలం తమ భౌగోళిక అర్హతను బట్టి మాత్రమే జరిగినది."

జనం చప్పట్లు కొట్టారు. ఎంపిక అన్న మాట వినబడితే మావాళ్ళు ముందు చప్పట్లు కొట్టి, తర్వాత దేనికని ఆలోచిస్తారు.

"దేనికి ఎంపికయ్యామండీ?" అని నేనడిగాను.

"బాంబునకు."

"మరి ఊళ్ళో జనాన్ని ఎక్కడికి పంపిస్తారండీ?"

"తరలింపు ఈ పథకంలో భాగం కాదండి. నిర్జన ప్రదేశంపై ప్రయోగించిన యెడల హెచ్చరికకు తగిన గాంభీర్యం చేకూరదని ఉభయ పక్షాలూ అభిప్రాయపడినవి."

"అంటే మమ్మల్ని చచ్చిపొమ్మంటారా?"

ఆయన చెవులు మూసుకున్నంత పని చేశారు. "ఆ పదం వాడకండి మేడమ్. తాము గాంభీర్యం చేకూరుస్తారు."

అప్పుడు గెద్దాడ లోవరాజు లేచాడు. పంచాయతీ ఎన్నికల్లో నా మీద ఓడిపోయినప్పటి నుంచీ ఊళ్ళో ఎక్కడ మీటింగు జరిగినా లేచి ఒకే ప్రశ్న అడుగుతాడు. ఆ రోజూ అదే అడిగాడు. "అదంతా బాగానే ఉందండీ. మరి మా వంతెన సంగతేంటండి?"

వంతెన మా ఊరి పాత గాయం. చుట్టూ ఏరున్న లంక మాది, గోదావరి పాయ దాటితే గాని బడి లేదు, ఆసుపత్రి లేదు. వరదొస్తే పడవ కూడా నడవదు. మా తాతల నుంచీ అడుగుతున్నాం. అడిగిన ప్రతిసారీ, ఈ ఊరి జనాభాకి వంతెన గిట్టుబాటు కాదని జవాబొస్తుంది.

విశ్వపతి గారి ముఖం వెలిగిపోయింది. "మంజూరైనది! విస్ఫోటనానంతరం అంతర్జాతీయ పరిశీలకులు, పాత్రికేయులు భారీ సంఖ్యలో విచ్చేయుదురు. వారిని పడవలలో తెచ్చుట మన దేశానికి చిన్నతనం. వంతెన పనులు రేపటి నుండే ప్రారంభం."

ఈసారి చప్పట్లతో పాటు ఈలలు కూడా పడ్డాయి. లోవరాజు అరుగెక్కి ఆయనకి చెయ్యి కలిపాడు. ఇంటికి వెళ్ళేటప్పుడు దారంతా ఒకటే మాట. "ఎన్నాళ్ళకి కరుణించారండీ!" అని ఒకరంటే, "అది వచ్చేసరికి మనం ఉండం కదరా" అని ఇంకొకరు. "మనం లేకపోతే ఏటి, ఊరు బాగుపడుద్ది" అని మూడోవాడు సర్దిచెప్పాడు.

నా మనసు మాత్రం ఇంట్లో ఉన్న కూతురి మీదకి పోయింది. మా అమ్మాయి భవాని ఏడో నెలలో పురిటికని పుట్టింటికి వచ్చి ఉంది. మర్నాడే దాన్ని అత్తారింటికి పంపించేద్దామని రేవుకి తీసుకెళ్తే, అక్కడ కాపలావాళ్ళు ఆపేశారు. విశ్వపతి గారు పరిగెత్తుకొచ్చారు.

"పథకం అమలయ్యే వరకూ గ్రామ జనాభాలో మార్పు చేయరాదండి. తగ్గినా, పెరిగినా గాంభీర్యం గణాంకాలు తారుమారవుతాయి."

"పెరగడం ఆపడం నా చేతుల్లో లేదండి. దానికి నెలలు నిండుతున్నాయి."

"వీలైనచో ప్రసవాన్ని వాయిదా వేసుకోవలసినదిగా కోరుచున్నాము," అన్నారాయన, ఎంతో మర్యాదగా.

ఆ మర్యాద చూసి ఆయన్ని ఏట్లోకి తోసెయ్యాలనిపించింది. మా ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది.

వంతెన పనులు మాత్రం జోరుగా సాగాయి. మా రేవు దగ్గరొకటి, ఏటి మధ్యలో ఒకటి స్తంభాలు లేచాయి. ఈలోగా ఆ రెండు రాజ్యాల మధ్య కొత్త తగాదా వచ్చింది. మా మీద బాంబు వేసే హక్కు ఎవరిది? ముందు వేసినవాడు ధీరుడవుతాడు, రెండోవాడు వేద్దామంటే ఊరు మిగలదు. అది తేలక, ఇద్దరి దూతలూ కలిసి వచ్చి స్థలం తనిఖీ చెయ్యాలని నిర్ణయించారు. ఆ రోజు పొద్దువాలేలోగా ఎవరో ఒకరు రాయి వదులుకుంటున్నామని చెప్పాలి. చెప్పకపోతే ఇద్దరూ మా ఊరు విడిచి వెళ్ళి, తమ తమ పెట్టెలు తెరిచి ఒకేసారి మీటలు నొక్కుతారు.

హెలికాప్టర్లు రెండూ ఒక్క క్షణంలోనే దిగాలని ఒప్పందమట. తూర్పుది కాస్త ముందొచ్చి, పడమటిదాని కోసం మా కొబ్బరితోట మీద గింగిరాలు కొడుతూ లేత పిందెలన్నీ రాల్చేసింది. తూర్పాయన లావుపాటి మనిషి, ఛాతీ నిండా పతకాలు. పడమటాయన సన్నగా, పొడుగ్గా, నవ్వని ముఖంతో ఉన్నాడు. చెరొకరి వెనకా ఇనప్పెట్టె మోసే మనిషి, సలహాదారుల గుంపు. చెవుల్లో ఏదో యంత్రం పెట్టుకున్నారు. మన మాట వాళ్ళకి వాళ్ళ భాషలో వినబడుతుంది. వాళ్ళ మాట ఒక డబ్బాలోంచి మనకి రేడియో వార్తల తెలుగులో వినబడుతుంది.

"స్థలం సంతృప్తికరంగా ఉన్నది," అని తూర్పాయన డబ్బా చెప్పింది.

పడమటాయన మా వీధినీ, గుమ్మాల్లో నిలబడ్డ ఆడవాళ్ళనీ, భవాని పొట్టనీ చూశాడు. "గాంభీర్యం తగినంత కానవచ్చుచున్నది," అంది ఆయన డబ్బా.

నా కడుపు మండిపోయింది. కానీ అప్పటికి మిట్టమధ్యాహ్నమైంది. భోజనాల వేళకి గుమ్మంలో నిలబడ్డ మనిషిని తిట్టడం మా లంకలో ఎవరికీ చేతకాదు. తిట్టాలన్నా ముందు అన్నం పెట్టాలి.

"రండి బాబూ, కాళ్ళు కడుక్కోండి. రెండు మెతుకులు తినేసి వెళ్ళి వేసుకుందురుగాని," అన్నాను.

పందిట్లో పక్కపక్కనే రెండు అరటాకులు వేశాం. తూర్పాయన కింద కూర్చుంటుంటే పతకాలన్నీ గలగలమన్నాయి. మన సంస్కృతి గురించి నాలుగు ముక్కలు చెప్పే అవకాశం విశ్వపతి గారు ఎందుకు వదులుకుంటారు? చేతులు కట్టుకుని మొదలుపెట్టారు.

"ఈ ప్రాంతపు ఆచారమేమనగా, పంక్తిలో కూర్చున్నవారు పక్కవారి భోజనం ముగియక మునుపు లేవరాదు. ముందుగా లేచిన వ్యక్తి మర్యాద కోల్పోయినట్లు పరిగణింపబడును."

దూతలిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వెనక సలహాదారులు గబగబా ఏదో రాసుకున్నారు. పక్కవాడు తింటుండగా లేవడం అమర్యాద అని మా ఉద్దేశం. ముందు లేచిన రాజ్యం ఓడినట్టు అని వాళ్ళు రాసుకున్నారని నాకు తర్వాత తెలిసింది.

నేను వడ్డన మొదలుపెట్టాను. ముద్దపప్పు, పనసపొట్టు కూర, గుమ్మడికాయ పులుసు, పులిహోర, బూరెలు. బూరెకి చిల్లు పెట్టి అందులో నెయ్యి పోశాను. తూర్పాయన మొదటి బూరె తిని కళ్ళు మూసుకున్నాడు. నేను ఇంకోటి వేశాను.

పడమటాయన డబ్బా వెంటనే గరగరమంది. "మా ఆకుపై ఒక బూరె తక్కువగా నున్నది. ఇది సమతౌల్యానికి భంగకరం."

ఆయనకి రెండు వేశాను. దాంతో తూర్పు సలహాదారులు గుసగుసలాడారు. తూర్పాయనకి ఇంకో రెండు వెయ్యాల్సి వచ్చింది. ఇలా బూరెల బుట్ట అడుగంటింది.

కాసేపటికి తూర్పాయన పొట్ట నిండినట్టుంది. నేను పులిహోర తెస్తుంటే ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. పడమటి గుంపులో చిరునవ్వులు కనబడ్డాయి. ఆయన ఉలిక్కిపడి చెయ్యి తీసేశాడు.

"చేయి చాచుట కేవలం అలసట వలన జరిగినది. తూర్పు మహాసంఘం ఎటువంటి పరిమితినీ అంగీకరించలేదు. పులిహోర కొనసాగించవచ్చును."

తర్వాత ఆవకాయ వచ్చింది. తూర్పాయన ముక్కంతా నోట్లో పెట్టుకున్నాడు. ముఖం ఎర్రగా కందిపోయి, కళ్ళల్లోంచి నీళ్ళు జారాయి. "ప్రత్యర్థి కన్నీటిని మేము గమనించితిమి," అన్నాడు పడమటాయన. ఆ తర్వాత తనకీ తప్పలేదు. రెండు మహారాజ్యాలూ నా పందిట్లో కూర్చుని ముక్కులు ఎగబీలుస్తుంటే నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

పొద్దు వాలుతోంది. విశ్వపతి గారికి చెమటలు పట్టాయి. నా పక్కకొచ్చి గుసగుసగా, "మంగతాయారు గారూ, గడువు సమీపించుచున్నది. వారిని లేవదీయండి. పథకం కాలాతీతమైతే నాపై శాఖాపరమైన విచారణ జరుగుతుంది," అన్నారు.

అప్పుడు నా బుర్ర వెలిగింది. బాంబు పడాలంటే వీళ్ళు ఊరు విడిచి వెళ్ళాలి. వెళ్ళాలంటే లేవాలి. లేవాలంటే ఇద్దరిలో ఒకరు ముందు లేవాలి. వీళ్ళు కూర్చున్నంతసేపూ మా భవానికి వచ్చిన భయమేమీ లేదు.

"ఏవండీ!" అని మా ఆయన్ని కేకేశాను. "పొయ్యి ఆర్పకండి. పెరుగు ఇంకో దుత్త తెప్పించండి."

సూర్యుడు అస్తమించాడు. రెండు రాజధానుల నుంచీ ఏమైందని కబురొచ్చింది. భోజనం కొనసాగుతోందని ఇద్దరూ జవాబిచ్చారు. భోజనం ముగిసే వరకూ గడువు పొడిగించినట్టు రెండు ప్రభుత్వాలూ ప్రకటించాయి. నేను ముగియనిస్తేనా?

ఊరు ఊరంతా వంటలోకి దిగింది. మర్నాడు పొద్దున్న పెసరట్లు, మధ్యాహ్నం కంద బచ్చలి, సాయంత్రం పూతరేకులు. లోవరాజు గుమ్మంలో నిలబడి గొణుగుతూనే ఉన్నాడు. "బాంబు తప్పిపోతే వంతెన కూడా తప్పిపోద్దేమోనండీ, కాస్త ఆలోచించండీ" అన్నాడు. అతని భార్య మాత్రం పెద్ద గిన్నెడు పరవాన్నం తెచ్చి నా చేతిలో పెట్టి, "ఆయన మాటలు పట్టించుకోకొదినా" అంది.

మనిషన్నాక కాలకృత్యాలుంటాయి కదా. దాని మీద ఇరుపక్షాల సలహాదారులూ పొద్దుటంతా చర్చించి, ఏకకాల ఉత్థాన ఒప్పందం కుదుర్చుకున్నారు. విశ్వపతి గారు చెయ్యి ఊపగానే ఇద్దరూ ఒకేసారి లేవాలి, పెరట్లో చెరో మూలకీ వెళ్ళాలి, ఒకేసారి తిరిగి వచ్చి కూర్చోవాలి. దీన్ని లేవడంగా పరిగణించకూడదు. ఆ రెండు రాజ్యాల చరిత్రలో సంతకాల దాకా వచ్చిన మొదటి ఒప్పందం అదేనట. రెండు దేశాల్లోనూ బాణాసంచా కాల్చారని రేడియోలో చెప్పారు.

కానీ ఎన్నాళ్ళని? మూడో రోజుకి ఊళ్ళో బియ్యం తరిగిపోయాయి. వాళ్ళకీ ఓపిక అయిపోయింది. నేను మజ్జిగ పోస్తుంటే తూర్పాయన డబ్బా గొంతు బాగా తగ్గించి, "అమ్మా, నాకు మధుమేహం కలదు. ఇక నా వలన కాదు. కానీ నేను ముందు లేచిన యెడల నా దేశము నన్ను బ్రతకనివ్వదు," అంది. ఇటు తిరిగేసరికి పడమటాయన పొట్ట పట్టుకుని కూర్చున్నాడు. "ఆయన లేచునా? మీకేమైనా తెలియునా?" అని బతిమాలాడు.

నాకు ఒక్కసారిగా జాలేసింది. దాని వెనకే కోపమూ వచ్చింది. ఇంత భయపడేవాళ్ళా మా ఊరిని బూడిద చేస్తామని బయల్దేరింది? గరిటె పక్కన పెట్టి వాళ్ళెదురుగా చతికిలబడ్డాను.

"లేవడానికి మార్గముందండి. ఇంటి ఇల్లాలు చేతుల మీద నీళ్ళు పోస్తే పంక్తంతా ఒకేసారి లేస్తుంది. ఎవరు ముందు, ఎవరు వెనకన్న మాటే ఉండదు. నీళ్ళు నేను పోస్తాను. కానీ మా లంకలో ఇంకో ఆచారం కూడా ఉంది. ఏ ఇంట్లో చెయ్యి కడుక్కున్నారో ఆ ఇంటి మీద, ఆ ఊరి మీద చెయ్యెత్తకూడదు. ఎత్తేట్టయితే కడుక్కోకుండా కూర్చోండి. బూరెలకి పప్పు నానబోశాను."

ఇలాంటి ఆచారం మా లంకలో ఉందో లేదో నాకు తెలీదు. అప్పటికప్పుడు నోటికొచ్చింది చెప్పాను. విశ్వపతి గారు మాత్రం, "అవునండి, అతి ప్రాచీనమైనది, శాసనాధారాలు కూడా కలవు," అని ధ్రువీకరించారు.

దూతలిద్దరూ పప్పు నానబోసిన గిన్నె వైపు చూశారు. తర్వాత ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సలహాదారులు మళ్ళీ రాసుకున్నారు. ఉభయ పక్షాల దూతలూ భుజించిన స్థలంపై బాంబు ప్రయోగించుట మర్యాదకు విరుద్ధమని తీర్మానించి, దానికి భోజన ప్రతిబంధక సిద్ధాంతమని పేరు పెట్టారు. నేను రెండు చేతుల్తో రెండు చెంబులు పట్టుకుని నీళ్ళు పోశాను. ఇద్దరూ ఒకేసారి లేచారు. తూర్పాయన నాకు దణ్ణం పెడుతూ వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇద్దరికీ తాంబూలాలిచ్చి, చెరో కొబ్బరిబొండాల గెలా హెలికాప్టర్లలో వేయించాం.

తర్వాత వాళ్ళు సమాన దూరంలో ఉన్న ఇంకో ఊరు వెతికారు. వీళ్ళు వెళ్ళేసరికి అక్కడి మేయరు నడివీధిలో బాణలి పెట్టించి ఉన్నాడు. ఇంకో దేశానికి వెళ్తే విమానాశ్రయంలోనే ఆకులు వేసేశారు. కబురు లోకమంతా పాకింది. దూతలు ఎక్కడ దిగినా అన్నం ఎదురొస్తోంది. తినని చోటు మిగల్లేదు కాబట్టి వెయ్యడానికి చోటు లేదు. ఇద్దరూ బాగా లావెక్కారనీ, ఒకే డాక్టరు దగ్గరికి వెళ్తున్నారనీ విన్నాం. రాయి మీద పక్షులు మాత్రం వాలడం మానలేదు.

విశ్వపతి గారు ఇంకొక్కసారి వచ్చారు. ఈసారి శాలువా తేలేదు.

"మూల పథకం రద్దయినందున అనుబంధ పనులన్నియు రద్దయినవి. తమకు సంక్రమించిన అభివృద్ధిని తామే భుజింపజేసి పంపినట్లు రికార్డు చేయడమైనది," అని చదివి, మళ్ళీ పడవెక్కి వెళ్ళిపోయారు. వంతెన స్తంభాలు రెండూ ఏట్లో అలాగే ఉండిపోయాయి.

మొదటి వారం అందరూ నన్ను మెచ్చుకున్నారు. రెండో వారం స్తంభాల వంక చూసి నిట్టూర్చారు. మూడో వారానికి, రేవులో బట్టలుతుక్కునేవాళ్ళు నన్ను చూసి మాటలాపేయడం మొదలెట్టారు. ఇంతలో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. లోవరాజు రేవు దగ్గర మైకు కట్టాడు.

"సోదరులారా! ఆళ్ళు అన్నం తిన్నది మంగతాయారు గారింట్లోనండీ. ఆవిడది తూర్పు వీధి. మన పడమటి వీధిలో ఎవరూ మెతుకు ముట్టలేదండీ! కాబట్టి పడమటి వీధికి బాంబు అర్హత ఇంకా పోలేదండీ! నన్ను గెలిపించండి. బాంబు తిరిగి తెస్తాను. బాంబుతో పాటు వంతెన తెస్తాను!"

ఆ మాటలు నేను పడవలోంచి విన్నాను. పొద్దున్నే భవానికి నొప్పులు మొదలైతే అవతలి ఒడ్డు ఆసుపత్రికి బయల్దేరాం. ఏరు పోటు మీదుంది. పడవ మధ్య స్తంభం దగ్గర గుండ్రంగా తిరుగుతోంది గాని ముందుకి పోవట్లేదు. ఒడ్డు మీద ఒకటే చప్పట్లు. భవాని నా చెయ్యి నలిపేస్తూ అడిగింది.

"అమ్మా, బాంబు పడుంటే వంతెన కట్టేవోరా?"

"కట్టేవోళ్ళేనే."

"మరెందుకాపేవే?" అని అరిచింది.

నొప్పిలో అన్న మాటే, తెలుసు. అయినా నిజం చెప్పొద్దూ, ఆ స్తంభాన్ని చూస్తుంటే ఒక్క క్షణం నాకూ ఆశ పుట్టింది. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

ఆసుపత్రి దాకా వెళ్ళలేదు. స్తంభం నీడలో, పడవలోనే, నా చేతుల్లోకి ఆడపిల్ల పుట్టింది. గట్టిగా ఏడ్చింది. తల్లీబిడ్డా క్షేమం. పడవ వెనక్కి తిప్పించి, గుడ్డలో చుట్టిన పిల్లనెత్తుకుని మా రేవులో దిగాను. భవానిని మా ఆయన నడిపించుకొస్తున్నారు.

లోవరాజు మైకు వదల్లేదు. వేలెత్తి నా వైపే చూపించాడు. "చూడండి సోదరులారా! వంతెన లేక, మన సర్పంచి గారి మనవరాలు పడవలో పుట్టిందండీ!"

నేను నడుచుకుంటూ వెళ్ళి మైకు లాక్కున్నాను.

"పడవలోనే పుట్టింది లోవరాజూ. కానీ పుట్టింది."

పిల్ల ఏడుపు మైకులో ఊరంతా వినబడింది. ఆడవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. లోవరాజు భార్య వచ్చి పిల్ల బుగ్గ నిమిరింది. లోవరాజు కూడా తల దించుకున్నాడు. నాకు గుండె నిండిపోయింది. ఇంక ఈ ఊరికి అర్థమైందనుకున్నాను.

అప్పుడు వెనక వరసలోంచి ఎవరో వినయంగా చెయ్యెత్తారు.

"అది సరేనండీ. మరి వంతెన సంగతేంటండి?"

అందరూ నా వైపు తిరిగారు.